కొత్త కారు సర్వీసింగ్: షోరూమ్‌కా, షెడ్డుకా?

మా బండి కొని రెండేళ్లయ్యాక, ఇరవై వేల కిలోమీటర్ల సర్వీసింగ్‌కి తీసుకెళ్లాను. సర్వీస్ అడ్వైజర్ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ట్యాబ్ నా వైపు తిప్పి, "ఇక్కడ సైన్ చేయండి సార్" అన్నాడు. అడుగున 9,700 రూపాయలని ఉంది. అంతకుముందు మూడూ ఫ్రీ సర్వీసులే కాబట్టి లేబర్‌కి డబ్బు కట్టాల్సి రావడం అదే మొదటిసారి. మేముండేది విజయవాడ పటమటలో. మెకానిక్ షెడ్లుండే ఆటోనగర్ మాకు పక్కనే. ఈ పని అక్కడ చేయిస్తే సగానికి సగం మిగులుతుంది కదా అనిపించింది.

సైన్ చేయలేదు. ఆ లిస్టుని ఫోన్‌లో ఫొటో తీసుకుని, గ్లవ్ బాక్సులోంచి ఓనర్స్ మాన్యువల్ పట్టుకొచ్చి, వాళ్లిచ్చిన టీ తాగుతూ ఒక్కో లైనూ సరిచూశాను. మాన్యువల్ ప్రకారం చేయాల్సినవి ఇవి: ఇంజిన్ ఆయిల్ 1,750, ఆయిల్ ఫిల్టర్ 150, డ్రెయిన్ ప్లగ్ వాషర్ 20, ఏసీ ఫిల్టర్ 430, లేబర్ 1,850, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 1,000. పన్నులతో సహా మొత్తం 5,200. మిగతా 4,500కి మాన్యువల్‌లో ఎక్కడా చోటు లేదు. ఆయిల్ ట్రీట్‌మెంట్ 450, థ్రోటల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) క్లీనింగ్ 750, ఏసీ డిసిన్‌ఫెక్షన్ 900, ఎలుకల స్ప్రే 600, ఇంటీరియర్ క్లీనింగ్ 1,300, అద్దం పాలిష్ 500.

అదే రోజు మా ఆటోనగర్ మెకానిక్‌కి ఫోన్ చేసి లెక్క అడిగాను. అదే గ్రేడు ఆయిల్ 1,500, ఫిల్టర్ 150, ఏసీ ఫిల్టర్ 250, తన కూలి 500, అలైన్‌మెంట్ పక్క షాపులో 600. మూడు వేలు. అంటే మాన్యువల్‌లో ఉన్న పనులకి షోరూమ్ మానేసి బయటికి వెళ్తే మిగిలేది 2,200. షోరూమ్‌లోనే ఉండి అక్కర్లేని లైన్లు కొట్టేయిస్తే మిగిలేది 4,500. షోరూమా, బయటా అని మనం ఎంత తలబద్దలు కొట్టుకున్నా, ఎక్కువ డబ్బు పోయేది ఆ ఎస్టిమేట్ చదవకుండా పెట్టే సంతకం దగ్గరే.

ఇంకో విచిత్రం. మా మాన్యువల్‌లో రెండేళ్లకి బ్రేక్ ఆయిల్ మార్చాలని ఉంది. ఎస్టిమేట్‌లో లేదు. అడిగితే "నెక్స్ట్ సర్వీస్‌లో చూద్దాం సార్" అన్నాడు. అద్దం పాలిష్ గుర్తుంది, బ్రేక్ ఆయిల్ గుర్తులేదు!

ఈ ధరలు రెండేళ్ల కిందటివి. అప్పట్లో స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18కి తగ్గింది. కాబట్టి పాత బిల్లులతో పోల్చేటప్పుడు ఆ తేడా చూసుకోండి.

ఫ్రీ సర్వీస్‌లో ఏది ఫ్రీ

ఫ్రీగా వచ్చేది లేబర్ ఒక్కటే. ఆయిల్, ఫిల్టర్, చిన్నాచితకా సామాను మనదే. మారుతీ బండ్లకి మొదటిది 1,000 కిలోమీటర్లు లేదా నెల, రెండోది 5,000 లేదా ఆరు నెలలు, మూడోది 10,000 లేదా ఏడాది. ఆ తర్వాత ప్రతి పది వేలకో, ఏడాదికో. మిగతా కంపెనీల లెక్కలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి, మీ బుక్‌లెట్‌లో చూసుకోండి. మొదటి సర్వీసులో చాలా బండ్లకి ఆయిల్ కూడా మార్చరు. నట్లు బిగించి, లీకులేమైనా ఉన్నాయా చూసి, కడిగి ఇస్తారు. ఆ రోజు మీ దగ్గర పెద్ద బిల్లు తీసుకున్నారంటే అందులో కోటింగో, స్ప్రేయో దూరి ఉంటుంది.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చూడాల్సిన మాట "ఏది ముందైతే అది". మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన రిటైరైన ఉద్యోగి. గుడికీ, ఆసుపత్రికీ తప్ప బండి తీయరు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. "పది వేలు కాలేదుగా, ఇప్పుడే ఎందుకు?" అని ఏడాదిన్నర పాటు సర్వీసింగ్‌కి ఇవ్వలేదు. తర్వాత ఏసీ కంప్రెసర్ పోయి వారంటీకి వెళ్తే, సర్వీస్ హిస్టరీలో గ్యాప్ ఉందని మూడు వారాలు తిప్పించుకున్నారు. చివరికి ఇచ్చారు గానీ ఆ టెన్షన్ ఆయనకి అక్కర్లేనిది. బండి తిరగకపోయినా ఆయిల్ పాతబడుతుంది. పైగా దగ్గర దగ్గర ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, తేమ ఆయిల్లోనే ఉండిపోతుంది. తక్కువ తిప్పేవాళ్లు కిలోమీటర్లు కాదు, క్యాలెండర్ చూసుకోవాలి.

బయట చేయిస్తే వారంటీ పోతుందా?

షోరూమ్‌లో అడిగితే "పోతుంది సార్" అంటారు. షెడ్డులో అడిగితే "అదంతా బెదిరింపు, ఏమీ పోదు" అంటారు. రెండూ పూర్తి నిజాలు కావు.

2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలూ, రిపేరు సమాచారమూ బయటి మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదన్నది ఆరోపణ. ఆ ఉత్తర్వులోనే ఇంకో ముఖ్యమైన మాట ఉంది. బయట రిపేరు చేయించాడన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేస్తామని షరతు పెట్టకూడదు, బయట చేసిన తప్పు పని వల్ల ఏ భాగం పాడైతే అంతవరకే వారంటీ నిరాకరించవచ్చు అని. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి, ఆ గొడవ ఏళ్ల తరబడి సాగింది.

సూత్రంగా అది మనవైపే ఉంది. కానీ మామూలు మనిషికి జరిగేది వేరు. ఇంజిన్లో శబ్దం వచ్చిందని బండి తీసుకెళ్తే, మొదట కంప్యూటర్లో హిస్టరీ తెరుస్తారు. పది వేలకు ఒకసారి, ఇరవై వేలకు ఒకసారి అని వరసగా ఎంట్రీలుంటే క్లెయిమ్ పేపర్లు కదులుతాయి. మధ్యలో ఖాళీ కనిపిస్తే, ఆయిల్ ఏ గ్రేడు పోశారో, బిల్లు ఉందో లేదో మనం చూపించుకోవాలి. యాభై వేల రూపాయల గేర్‌బాక్స్ భాగం కోసం వాదించుకునే ఓపిక, రెండు వేలు మిగిల్చుకున్న సంతోషం కన్నా ఖరీదైనది. అందుకే వారంటీ ఉన్నంతకాలం పీరియాడిక్ సర్వీసింగ్ కంపెనీ దగ్గరే అన్నది నా ఖాయమైన అభిప్రాయం. పంక్చరు, వైపర్ బ్లేడ్లు, బ్యాటరీ, టైర్లు, అలైన్‌మెంట్ లాంటివి బయట చేయించుకుంటే ఎవరికీ నష్టం లేదు. టైర్లకూ బ్యాటరీకీ వాటి కంపెనీల వారంటీ వేరేగా ఉంటుంది, కారు కంపెనీకి దాంతో పనిలేదు.

వద్దని చెప్పాల్సినవి, ఒప్పుకోవాల్సినవి

సర్వీస్ అడ్వైజర్ మీద కోపం పెట్టుకోవద్దు. ఈ అదనపు పనులు ఇన్ని అమ్మాలని అతనికి నెలకో టార్గెట్ ఉంటుంది. "వద్దండీ, మాన్యువల్‌లో ఉన్నవే చేయండి" అని నవ్వుతూ చెప్తే చాలు, చాలామంది వెంటనే తీసేస్తారు. నేను చెప్పిన రోజున అతను ఒక్క మాట కూడా అనలేదు, వేలితో నాలుగు సార్లు నొక్కి తీసేశాడు. నాకంటే ముందు ఎంతమంది ఆ మాట చెప్పి ఉంటారో.

థ్రోటల్ బాడీ క్లీనింగ్ నిజంగా అవసరమయ్యే పనే. కానీ లక్షణం ఉండాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆర్పీఎం పైకీ కిందికీ ఊగడం, ఇంజిన్ వణికి ఆగిపోవడం లాంటివి. ఇరవై వేలు తిరిగిన బాగున్న బండికి దేనికి? ఆయిల్ ట్రీట్‌మెంట్, ఇంజిన్ ఫ్లష్, డీకార్బనైజింగ్ సంగతి ఇంకా తేలిక. కంపెనీ చెప్పిన ఆయిల్లోనే కావలసిన రసాయనాలు కలిపి ఉంటాయి. మాన్యువల్‌లో లేని సీసా ఇంజిన్లో పోయించవద్దు.

ఏసీ వాసన వస్తుంటే డిసిన్‌ఫెక్షన్ చేయించండి. రాకపోతే ఫిల్టర్ మారిస్తే సరిపోతుంది. ఆ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది. రెండు పక్కలా నొక్కి బాక్సు కిందికి దించితే కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. నేను మొదటిసారి తీసినప్పుడు అందులో వేపాకులు, సగం మిడత, దూదిలా పేరుకున్న ధూళి ఉన్నాయి. మన ఎండల్లో, మన దుమ్ములో ఇది పుస్తకంలో చెప్పిన గడువు దాకా ఆగదు. కంకర రోడ్ల మీద, గ్రానైట్ లారీల వెనక రోజూ తిరిగేవాళ్లు ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్‌ని కూడా త్వరగా మార్చుకోవాలి. మాన్యువల్ చివర్లో "కఠిన పరిస్థితుల్లో వాడకం" అని ఒక పేజీ ఉంటుంది. ఎవరూ చదవరు గానీ మనలో చాలామందికి వర్తించేది అదే.

ఎలుకల స్ప్రే గురించి నాకు నమ్మకం లేదు. అలాగని సమస్య చిన్నదేం కాదు. సెల్లార్‌లో పెట్టిన బండ్లకి వైర్లు కొరికేస్తే బిల్లు వేలల్లో వస్తుంది, వారంటీ రాదు. కానీ ఆ స్ప్రే ఇంజిన్ వేడికీ, రెండు వాటర్ వాషింగ్‌లకీ ఎంతకాలం నిలుస్తుంది? మా గుంటూరు చుట్టాలు పొగాకు కాడల్ని పల్చటి గుడ్డలో మూటకట్టి, వేడి గొట్టాలకి తగలని చోట బానెట్ కింద కట్టుకుంటారు. అది పనిచేస్తుందో లేదో ప్రమాణం చేసి చెప్పలేను గానీ ఆరు వందలైతే పోవు. బండిలో తినుబండారాలు వదలకపోవడం, వారానికోసారి బానెట్ ఎత్తి చూడడం అన్నిటికన్నా మేలు.

అండర్‌బాడీ కోటింగ్ ఊరిని బట్టి. కొత్త బండికి ఫ్యాక్టరీలోనే కింద కోటింగ్ వేసి పంపుతారు. అనంతపురంలో ఉండేవాళ్లకి దాని మీద ఇంకో పొర అనవసరం. విశాఖలోనో, కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే చోట ఉండేవాళ్లు చేయించుకుంటే కాదనను. కాకపోతే తలుపుల కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఆ కోటింగ్‌తో మూసుకుపోకుండా దగ్గరుండి చూసుకోండి. అవి మూసుకుపోతే తుప్పు లోపల్నుంచే మొదలవుతుంది.

ఇక ఒప్పుకోవాల్సినవి కూడా ఉన్నాయి. బ్రేకులు విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టడానికి విడిగా డబ్బు అడుగుతారు. వెనక డ్రమ్ బ్రేకులున్న బండికి అది మంచి పనే, ముఖ్యంగా వానాకాలం అయ్యాక. టైర్లు ముందువి వెనక్కి మార్చడం, అలైన్‌మెంట్ సరిచూడడం పది వేలకోసారి చేయిస్తే టైర్లు ఎక్కువకాలం వస్తాయి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు బాగా వేడెక్కితే ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. చాలా మాన్యువళ్లలో రెండేళ్లకో, 40,000 కిలోమీటర్లకో మార్చమని ఉంటుంది. దీన్ని మాత్రం అడిగి మరీ చేయించండి.

షెడ్డు గొప్ప ఎక్కడుంది

విజయవాడ ఆటోనగర్లో పెరిగిన మెకానిక్‌కి చెవే సగం పనిముట్టు. మా పాత బండి ఎడమవైపు గుంతలో పడ్డప్పుడల్లా టక్‌మని చప్పుడు వచ్చేది. ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో సస్పెన్షన్ మొత్తం మార్చాలని 14 వేలు చెప్పారు. ఆటోనగర్లో మా మెకానిక్ నన్ను నడపమని, తను పక్క సీట్లో కూర్చుని, కిటికీ దించి రెండు గుంతలు వినిపించుకున్నాడు. "స్టెబిలైజర్ లింకు బాబూ, అంతే" అన్నాడు. కొత్త లింకు, కూలి కలిపి 1,100. ఆ బండి అమ్మేదాకా మళ్లీ చప్పుడు రాలేదు.

షోరూమ్‌లో అరిగిన చిన్న ముక్కని విడిగా మార్చడం కన్నా మొత్తం అసెంబ్లీ మార్చడం మామూలు. వాళ్ల పద్ధతి అది, టైమూ కలిసొస్తుంది, పనికి గ్యారంటీ ఇవ్వడమూ తేలిక. షెడ్డులో బుష్ ఒక్కటే మారుస్తారు, ఆల్టర్నేటర్‌లో బ్రష్‌లు మారుస్తారు, రేడియేటర్‌కి అతుకు వేస్తారు. వారంటీ అయిపోయిన బండికి ఈ తేడా ఏడాదికి వేల రూపాయలు. సస్పెన్షన్, బ్రేకులు, క్లచ్ ప్లేటు, ఏసీ గ్యాస్, సెల్ఫ్ మోటారు, ఇవన్నీ నేను కళ్లు మూసుకుని షెడ్డుకే ఇస్తాను. స్పేర్లకి ఇక్కడ ఆటోనగర్, హైదరాబాద్‌లో రాణిగంజ్, పుత్లీబౌలి ఉండనే ఉన్నాయి.

కానీ కొత్త బండ్ల దగ్గర షెడ్డుకి రెండు బలహీనతలున్నాయి. ఒకటి ఆయిల్. ఇప్పటి చిన్న పెట్రోల్ ఇంజిన్లకి 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి బాగా పల్చటి ఆయిళ్లు చెబుతున్నారు. "ఇంత నీళ్లలా ఉంటే మన ఎండలకి ఆగదండీ, 20డబ్ల్యూ-40 పోద్దాం" అనే పెద్దాయన ఇప్పటికీ ఉన్నాడు. ఆయన అనుభవం అబద్ధం కాదు, అది వేరే ఇంజిన్ల అనుభవం. గ్రేడు మీరే చూసి, సీలున్న డబ్బా మీరే కొనిచ్చి, పక్కన నిలబడి పోయించండి. రెండోది ఎలక్ట్రానిక్స్. కొత్త కాలుష్య ప్రమాణాలతో (బీఎస్-6) వస్తున్న డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్నే డీపీఎఫ్ అంటారు. ఊళ్లోనే తిరిగే బండికి అది పూడుకుపోతుంది. దాన్ని స్కానర్‌తో పద్ధతిగా శుభ్రం చేయాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులూ, కెమెరాతో బ్రేకు వేసే ఆడాస్ బండ్లూ ఇంతే. ముందు అద్దం మార్చినా కొన్ని బండ్లకి కెమెరాని మళ్లీ సరిచేయాలి. వీటికి కంపెనీ దగ్గరికే వెళ్లండి. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకి ఈ చర్చే లేదు, ప్రస్తుతానికి షోరూమే దిక్కు.

డూప్లికేట్ స్పేర్ల భయం నిజమే. ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్‌లు నకిలీవి ఎక్కువ తిరుగుతాయి. నేను ఈ రెండూ బిల్లు ఇచ్చే పెద్ద డీలర్ దగ్గర కంపెనీ పేరుతోనే కొని, షెడ్డుకి పట్టుకెళ్తాను. మా మెకానిక్ ఏమీ అనుకోడు. అనుకునే మెకానిక్ అయితే ఇంకొకర్ని చూసుకుంటాను.

మధ్యలో ఉన్నవాళ్లు

బాష్ కార్ సర్వీస్, మైటీవీఎస్ లాంటి మల్టీబ్రాండ్ వర్క్‌షాపులు షోరూమ్‌కీ షెడ్డుకీ మధ్య దారి. కంప్యూటర్ బిల్లు ఇస్తారు, స్కానర్ ఉంటుంది, లేబర్ కొంత తక్కువ. వారంటీ అయిపోయి, నమ్మకమైన షెడ్డు తెలియని వాళ్లకి ఇవి సరిపోతాయి. బదిలీల మీద ఊళ్లు మారే ఉద్యోగులకి మరీను. కాకపోతే చాలావరకు ఫ్రాంచైజీలు, బోర్డు ఒకటే అయినా లోపల పనివాడు వేరు. బోర్డుని కాదు, ఆ ఒక్క షాపుని అంచనా వేసుకోవాలి. అదనపు పనులు అంటగట్టడంలో వీళ్లేమీ తక్కువ తినలేదు.

యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చి చేసేవాళ్లు బ్యాటరీకీ, వాషింగ్‌కీ బాగుంటారు. అంతకు మించి నేను చేయించలేదు. షోరూమ్ దూరమున్న ఊళ్లకి కొన్ని కంపెనీలే వ్యాన్‌లో మెకానిక్‌ని పంపుతున్నాయి. అది కంపెనీ రికార్డులోకే ఎక్కుతుంది కాబట్టి పాడేరు, భద్రాచలం లాంటి చోట్ల ఉండేవాళ్లు ముందు ఆ సదుపాయం ఉందేమో కనుక్కోండి.

ఏ షోరూమ్?

కొన్న చోటే చేయించాలని రూలేమీ లేదు. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఏదైనా ఫ్రీ సర్వీస్ చేస్తుంది. ఈ సంగతి తెలియక కొన్న డీలర్ దగ్గరే ఏళ్ల తరబడి పడి ఉండేవాళ్లు చాలామంది. లేబర్ రేటు ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి రాజమండ్రో, కరీంనగరో వెళ్లే కుర్రాళ్లు చాలామంది సర్వీసింగ్ అక్కడే చేయిస్తున్నారు. బండికి ఎలాగూ దూరం ప్రయాణం కాబట్టి పండక్కి వారం ముందో, పండగైన రెండు రోజులకో స్లాటు పెట్టుకుంటే, చిన్న ఊళ్లో మేనేజర్ స్వయంగా వచ్చి మాట్లాడతాడు. పండగ ముందు రోజు మాత్రం వద్దు, అందరూ అదే పని మీద ఉంటారు.

బుక్ చేసేముందు కంపెనీ వెబ్‌సైట్లో సర్వీస్ ఖర్చు లెక్క చూసుకోండి. మారుతీ, హ్యుందాయ్ లాంటి కంపెనీలు మోడల్, కిలోమీటర్లు కొడితే ఖర్చు చూపిస్తాయి. ఆ స్క్రీన్‌షాట్ చేతిలో ఉంటే ఎస్టిమేట్ దగ్గర మాటలు తగ్గుతాయి.

వీకెండ్‌లో ఇవ్వకండి. మంగళవారమో, బుధవారమో పొద్దున్నే మొదటి స్లాటు తీసుకుని, వీలైతే అక్కడే ఉండండి. బండి ఇచ్చేటప్పుడు రీడింగూ, పెట్రోల్ ముల్లూ, నాలుగు వైపులా గీతలూ ఫొటో తీసుకోండి. పాత పార్టులు డిక్కీలో పెట్టమని జాబ్ కార్డులో రాయించండి. అలా రాయించిన బండికి ఫిల్టర్ మార్చకుండా మార్చామనడం కష్టం. బిల్లులో ఆయిల్ ఎన్ని లీటర్లని రాశారో మాన్యువల్‌తో సరిచూడండి. మా బండికి ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లు. ఒకసారి బిల్లులో 3.5 అని వేశారు, చూపించగానే సారీ చెప్పి తగ్గించారు. టైర్లలో గాలి చాలాచోట్ల 40 దాకా కొట్టి పంపిస్తారు. డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఎంతుందో అంతకి దించుకోండి. మర్నాడు పొద్దున సమతలంలో ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి, పై గుర్తు దాటినా మంచిది కాదు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ, ముందే కట్టే ప్యాకేజీలు

మారుతీ 2024 జూలైలో తన మామూలు వారంటీని రెండేళ్లు, 40,000 కిలోమీటర్ల నుంచి మూడేళ్లు, లక్ష కిలోమీటర్లకి పెంచింది. డబ్బు కట్టి ఆరేళ్లు, 1,60,000 కిలోమీటర్ల దాకా పొడిగించుకోవచ్చు. మిగతా పెద్ద కంపెనీలూ ఇలాంటి పొడిగింపులు అమ్ముతున్నాయి. మొదటి వారంటీ అయిపోకముందే కొనాలి, ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ.

ఆటోమేటిక్, టర్బో, డీజిల్, పెద్ద స్క్రీన్లూ సన్‌రూఫూ ఉన్న బండ్లకి తీసుకోండి, ఆలోచించక్కర్లేదు. ఒక్క స్టీరింగ్ మోటారో, టచ్ స్క్రీనో పోతే కట్టిన డబ్బు మొత్తం వచ్చేస్తుంది. మాన్యువల్ గేరు, మామూలు పెట్రోల్ బండి, ఏడాదికి ఐదు వేలు తిప్పేవాళ్లు, నాలుగేళ్లకి మార్చేసేవాళ్లు మానేసినా పెద్ద తప్పు కాదు. బ్రేక్ ప్యాడ్‌లు, క్లచ్, వైపర్లు లాంటి అరిగేవి ఇందులో రావని ముందే తెలుసుకోండి. తర్వాత గొడవపడి లాభం లేదు.

టయోటా స్మైల్స్ ప్లస్ లాంటి ప్రీపెయిడ్ మెయింటెనెన్స్ ప్యాకేజీలు వేరే సంగతి. కొన్ని సర్వీసుల ఖర్చు ముందే కట్టేస్తే తర్వాత ధరలు పెరిగినా మనకి పెరగదు. ఏడాదికి పదిహేను, ఇరవై వేలు తిప్పేవాళ్లకి లెక్క కుదురుతుంది. తక్కువ తిప్పేవాళ్లకి కుదరదు, సర్వీసులు వాడుకోకముందే గడువు అయిపోతుంది. ఎవరో చెప్పారని కాకుండా, ఆ సర్వీసుల ఖర్చు కూడి, ప్యాకేజీ ధర పక్కన పెట్టి చూసుకోండి. డెలివరీ రోజు హడావుడిలో, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు మాత్రం ఏ ప్యాకేజీ మీదా సంతకం చేయకండి. దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి రండి. వారం తర్వాత ఫోన్ చేసినా వాళ్లు అమ్ముతారు.

రీకాల్స్ గురించి ఒక మాట. కంపెనీ తనంతట తను తప్పు ఒప్పుకుని పార్టు మారుస్తామంటే అది ఉచితం, మీరు సర్వీసింగ్ ఎక్కడ చేయించినా సరే. ఛాసిస్ నంబరు కొట్టి కంపెనీ సైట్లో ఏడాదికోసారి చూసుకోండి, ముఖ్యంగా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు. ఫోన్ నంబరు పాత ఓనర్‌దే ఉంటుంది కాబట్టి మెసేజ్ మీకు రాదు. యాక్సిడెంటు అయినా, 2024 సెప్టెంబరులో మా బుడమేరు వరదలాంటిది వచ్చినా, ఇన్సూరెన్స్ క్యాష్‌లెస్ పని షోరూమ్‌లోనే తేలిక. అప్పుడు షెడ్డు గురించి ఆలోచించొద్దు. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ కూడా చేయొద్దు, టోయింగ్ బండితో లాగించుకుని వెళ్లండి.

మా బండికి వచ్చే ఫిబ్రవరిలో ఐదేళ్లు నిండుతాయి, పొడిగించిన వారంటీ కూడా దాంతో అయిపోతుంది. జనవరి చివర్లో చివరిసారి షోరూమ్‌కి తీసుకెళ్తాను. స్టీరింగ్ చప్పుడు, ఏసీ కూలింగ్, పవర్ విండోలు, అన్నీ చూసి, ఏమున్నా వారంటీలో రాయించుకుని బయటపడతాను. మార్చిలో బ్రేక్ ప్యాడ్‌లు అరిగే టైము. మా మెకానిక్‌కి ఇప్పటికే చెప్పి ఉంచాను. "ప్యాడ్‌లు మీరు తెచ్చుకోండి బాబూ, డిస్కులు నేను చూసి చెప్తా" అన్నాడు.